పందిపిల్లల శాంపిల్‌కి సీక్వెన్సింగ్ చేయిస్తే ఎనిమిది వైరస్‌లు వచ్చాయి, చంపేది ఏదో మాత్రం రాలేదు

కొట్టంలో_కునుకు
పాలు మాన్పించిన రెండు మూడు వారాలకే పిల్లలు దగ్గుతున్నాయి, మేత ముట్టడం లేదు, వెన్నెముక తేలిపోయి చిక్కిపోతున్నాయి. కొన్ని చచ్చిపోయాయి. పీసీఆర్‌లో (అడిగిన వైరస్ జన్యుపదార్థం ఉందో లేదో వెతికే పరీక్ష) పీఆర్ఆర్ఎస్ (పందుల్లో ఊపిరి జబ్బు, గర్భస్రావాలు తెచ్చే వైరస్) లేదన్నారు, ఫ్లూ లేదన్నారు. సర్కోవైరస్ 2 మాత్రం సీటీ (ఈ పీసీఆర్ అంకె ఎంత తక్కువైతే వైరస్ అంత ఎక్కువ) 34 అని రాసి "బలహీన పాజిటివ్" అన్నారు. "కొత్త వైరస్ ఏదైనా అయ్యుండొచ్చు, సీక్వెన్సింగ్ చేయిస్తే, అంటే శాంపిల్‌లోని జన్యుపదార్థం చదివిస్తే, మొత్తం బయటపడుతుంది" అని ల్యాబ్ వాళ్లే చెబితే సరే అన్నాను. రిపోర్టు వచ్చింది. ఆస్ట్రోవైరస్, కోబువైరస్, సపోవైరస్, బొకావైరస్, పోసావైరస్, టార్క్ టెనో వైరస్, రోటావైరస్ సి, సర్కోవైరస్ 3. ఎనిమిది పేర్లు, పక్కన ఏవో అంకెలు. వీటిలో చంపుతున్నది ఏదండీ అని ఫోన్ చేస్తే "క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోండి" అన్నారు. ఆ కోరిలేట్ చేసేది నేనా, పందా?

టీకాల_తాత
పందినే అడగండి. ఫీజు ఉండదు.

మైక్రోస్కోపు_మామ
ల్యాబ్‌కి పంపిన శాంపిల్ ఏమిటి?

కొట్టంలో_కునుకు
పెంట. కొన్ని పిల్లల దగ్గర తీసి ఒకే డబ్బాలో కలిపి పంపమన్నారు. అలాగే పంపాను.

మైక్రోస్కోపు_మామ
అనుకున్నాను. దగ్గుతున్న పిల్లలకి పెంట పరీక్ష చేస్తే పేగుల్లో ఉండేవే కనిపిస్తాయి. మీ జాబితాలో ఆస్ట్రో, కోబు, సపో, బొకా, టార్క్ టెనో ఈ అయిదూ బాగా తిని తిరుగుతున్న పందుల్లో కూడా దొరుకుతూనే ఉంటాయి. హాజరుపట్టీ చూసి కిటికీ అద్దం పగలగొట్టిందెవరో చెప్పమన్నట్టుంది ఇది. ఆ రోజు బడికి ఎవరెవరు వచ్చారో తెలుస్తుంది, అంతే.

అలాగని పేరు చూసి తీసిపారేయడానికీ లేదు. ఆస్ట్రోవైరస్ టైప్ 3 పెంటలో ఉంటే నేను పట్టించుకోను. కాళ్లు పడిపోయిన పంది మెదడులోనో వెన్నుపాములోనో అదే ఉండి, అక్కడి కణజాలంలో వాపు కూడా కనిపిస్తే అప్పుడు కూర్చుని చూస్తాను. వైరస్ ఏ అవయవంలో ఉంది, అక్కడ కణాలు దెబ్బతిన్నాయా లేదా అన్నది పెంట డబ్బా చెప్పదు.

ఇంకోటి. పీఆర్ఆర్ఎస్ లేదన్నది దేన్ని పరీక్షించి?

కొట్టంలో_కునుకు
రక్తం. బాగా చిక్కిపోయిన పిల్లల నుంచి తీశాం, వాటికి ఎప్పటి నుంచో బాగోలేదు కాబట్టి.

వెటర్నరీ_వాసు
మామగారు అడిగింది అందుకే. పీఆర్ఆర్ఎస్ వైరస్ రక్తంలో కొన్ని వారాలే బలంగా ఉంటుంది. తర్వాత టాన్సిళ్లలో, లింఫు గ్రంథుల్లో నెలల తరబడి దాక్కుంటుంది. చిక్కి శల్యమైన పిల్ల అంటే జబ్బు ముదిరి చివరికొచ్చిన పిల్ల. దాని రక్తంలో వైరస్ అప్పటికే తగ్గిపోయి, తర్వాత చేరిన బ్యాక్టీరియాతో అది చస్తూ ఉండొచ్చు. శాంపిల్ తీయాల్సింది ఈ రోజే జ్వరం మొదలైన పిల్ల దగ్గర. థర్మామీటర్ పట్టుకుని కొట్టంలో తిరిగితే అవే దొరుకుతాయి.

నూలు తాడు వేలాడదీసి నమిలించి లాలాజలం పిండడం కూడా మంచి పద్ధతే. కాకపోతే బాగా నీరసపడ్డవి తాడు దగ్గరికే రావు, ఆరోగ్యంగా ఉన్నవే ఎగబడి నములుతాయి. అది గుర్తుంచుకుని రిపోర్టు చదవాలి.

నిశాచరుడు
ఇందుకే నేను సీక్వెన్సింగ్ అంటేనే నమ్మను. రైతుకి కావాల్సింది ఏం మందు వేయాలి, ఏ టీకా వేయాలి అన్నది. వాళ్లేమో పదహారు పేజీల రంగు బొమ్మలు ఇస్తారు. పీసీఆర్ పాజిటివ్ అంటే పాజిటివ్, లేదంటే లేదు. అమ్ముకోవడానికి కొత్త సరుకు దొరికింది వాళ్లకి.

రీడ్స్_రాణి
నేను చేసేది ఈ పనే కాబట్టి నిశాచరుడు గారికి తర్వాత చెబుతాను. ముందు కునుకు గారి రిపోర్టు.

పేర్ల పక్కన ఉన్న అంకెలు రీడ్స్ అయ్యుంటాయి. శాంపిల్‌లోని జన్యుపదార్థాన్ని చిన్న చిన్న ముక్కలుగా చదువుతాం, ఒక్కో ముక్క ఒక్కో రీడ్. పంది అవయవం నుంచి తీసిన శాంపిల్ అయితే ఆ రీడ్స్‌లో అత్యధిక భాగం పందివే ఉంటాయి. పెంటలో బ్యాక్టీరియావి, మేతవి కలుస్తాయి. వైరస్‌వి వేలల్లో ఒకటి రెండు ఉన్నా సంతోషించాలి. కాబట్టి "కోబువైరస్ 4,000, సర్కోవైరస్ 40" అని ఉంటే కోబు వందరెట్లు ప్రమాదం అని అర్థం కాదు. కోబు జన్యుక్రమం పొడవు ఎనిమిది వేల అక్షరాల పైన, సర్కోది రెండు వేలు. పొడవున్నదానికి ముక్కలు ఎక్కువ వస్తాయి.

ల్యాబ్‌ని అడగాల్సినవి చెబుతాను. ఆ 40 రీడ్సూ జన్యుక్రమం అంతటా పరుచుకున్నాయా, ఒకే చోట కుప్పపడ్డాయా? ఒకే చోట అయితే నాకు అనుమానం. శాంపిల్ లేకుండా ఉత్త నీళ్లతో నడిపిన కంట్రోల్‌లో ఏమొచ్చింది? రసాయనాల్లోంచి, పక్క శాంపిల్ నుంచి జారి వచ్చేవి చాలా ఉంటాయి. డేటాబేస్‌లో దేనితో ఎంత శాతం కలిసింది? ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఆ రిపోర్టును ఫైల్లో పెట్టేయండి.

పోసావైరస్ గురించి టెన్షన్ వద్దు. అది అసలు పందిది కాకపోవచ్చు, పంది కడుపులోని ఏలికపాములదో మేతలోదో అయ్యుండొచ్చని పరిశోధకుల అనుమానం.

టీకాల_తాత
అంటే వైరస్ పరీక్ష చేయిస్తే నట్టల మందు వేయమని తేలిందన్నమాట.

కొట్టంలో_కునుకు
@రీడ్స్_రాణి ఆ కంట్రోల్ సంగతి రిపోర్టులో ఎక్కడా లేదు. అడుగుతాను.

రీడ్స్_రాణి
@నిశాచరుడు పీసీఆర్ మీద నాకూ గౌరవమే. ఒక పూటలో జవాబు ఇస్తుంది, సీటీ విలువ ఇస్తుంది. సీటీ సుమారు 3.3 తగ్గితే వైరస్ పదిరెట్లు ఉన్నట్టు లెక్క. సర్కో 2 జబ్బు ముదిరిన పందిలో వైరస్ కుప్పలుగా ఉంటుంది, కాబట్టి కునుకు గారి 34 చూసి నేనూ దాన్ని నిందించను. కానీ మీరు అడిగిన వైరస్ ఉందా లేదా అని మాత్రమే పీసీఆర్ చెప్పగలదు. మీరు అడగని దాని గురించి ఒక్క ముక్క చెప్పదు. పైగా ప్రైమర్ (వైరస్‌ని పట్టుకోవడానికి పీసీఆర్‌లో వాడే చిన్న జన్యు ముక్క) అతుక్కోవాల్సిన చోట వైరస్ నాలుగు అక్షరాలు మార్చుకుందనుకోండి, వైరస్ ఉన్నా నెగెటివ్ వస్తుంది. పీఆర్ఆర్ఎస్ లాంటి వేగంగా మారే ఆర్ఎన్ఏ వైరస్‌తో ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే. ఆ ప్రైమర్లను సరిదిద్దుకోవడానికి కావాల్సింది మళ్లీ సీక్వెన్సులే.

వెటర్నరీ_వాసు
నిశాచరుడు గారూ, వణికే పందిపిల్లల సంగతి చూడండి. పుట్టుకతోనే ఒళ్లంతా వణుకుతూ, చనుమొన పట్టుకోలేక ఆకలితో చచ్చే పిల్లల గురించి 1922 నుంచి పుస్తకాల్లో ఉంది. వాటిలో చాలా కేసులకి కారణం తెలియలేదు. 2015లో అమెరికాలో పందుల శాంపిల్స్ సీక్వెన్సింగ్ చేస్తుంటే కొత్త పెస్టివైరస్ ఒకటి బయటపడింది, దాన్నే ఏపీపీవీ అంటున్నాం. మరుసటి ఏడాది సూడి పందులకి దాన్ని ఎక్కించి చూస్తే వణికే పిల్లలే పుట్టాయి. దాదాపు వందేళ్ల పజిల్. పేరే తెలియని వైరస్‌కి పీసీఆర్ ఎలా చేస్తారు?

నిశాచరుడు
సరే, వందేళ్లకి ఒకటి. నా ఫారంలో ఈ వారం చస్తున్నవాటి మాటేమిటి?

గుహలో_గబ్బిలం
వందేళ్లు ఆగక్కర్లేదు. 2016 చివర్లో చైనా గ్వాంగ్‌డాంగ్‌లో పాలు తాగే పిల్లలు విరేచనాలతో చావడం మొదలైంది. మొదట పీఈడీ వైరస్ (పందిపిల్లలకి విరేచనాలు తెచ్చే, ముందే తెలిసిన కరోనావైరస్) దొరికింది, అదే కారణం అనుకున్నారు. 2017 జనవరి తర్వాత పీఈడీ కనిపించడం మానేసింది, చావులు మాత్రం ఆగలేదు. అప్పుడు సీక్వెన్సింగ్ చేస్తే గుర్రపులాడపు గబ్బిలాల్లో ఉండే రకానికి బాగా దగ్గరైన కొత్త కరోనావైరస్ దొరికింది. దానికి సాడ్స్ అని పేరు పెట్టారు. నాలుగు ఫారాల్లో కలిపి పాతికవేల దాకా పిల్లలు పోయాయి. మొదటి పీసీఆర్ పాజిటివ్ దగ్గరే ఆగిపోయుంటే ఇది దొరికేదే కాదు.

మైక్రోస్కోపు_మామ
సాడ్స్ కథ ముందరి సగమే ఎప్పుడూ చెబుతారు. దొరికిన వైరస్‌ని పెంచి, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఎక్కించి, అదే జబ్బు వచ్చిందని చూపించాకే నమ్మారు. ఏపీపీవీ కూడా అంతే. సీక్వెన్సు మొదటి అడుగు.

ఆ రెండో అడుగు పూర్తిగా పడకపోతే ఏమవుతుందో చూడాలంటే సర్కోవైరస్ 3 ఉంది. 2016లో సీక్వెన్సింగ్‌లోనే దొరికింది, గర్భస్రావాలు, చర్మం మీద మచ్చలు, కిడ్నీ జబ్బు ఉన్న సూడి పందుల్లో. తర్వాత వెతికిన ప్రతి దేశంలోనూ కనిపించింది, ఏ జబ్బూ లేని పందుల్లో కూడా. కొన్ని కేసుల్లో అది నిజంగా కారకమే, కణజాలంలో ఆర్ఎన్ఏ ప్రోబ్‌తో (ఆ వైరస్‌కే అతుక్కుని అది ఉన్న చోటు చూపే జన్యు ముక్క) వెలిగించి నేనే చూశాను. మరికొన్నిట్లో అది పక్కన నిలబడ్డ మనిషి మాత్రమే. పేపరు మీద రెండూ ఒకేలా ఉంటాయి.

కొత్తగా_చేరా
మా దగ్గరా సర్కో 3 అని వచ్చింది. సర్కో 2 టీకా దీనికి కూడా పనిచేస్తుందా?

వెటర్నరీ_వాసు
పేరు ఒకటే అయినా జన్యుక్రమంలో రెండూ చాలా దూరం. సర్కో 2 టీకా దీన్ని కాపాడుతుందని పెట్టుకోవద్దు. ముందు అది జబ్బు చేస్తోందా లేదా తేల్చుకోండి.

టీకాల_తాత
పాత సంగతి ఒకటి. 1998 సెప్టెంబరులో మలేసియాలో ఇపోకి దగ్గరలో పందుల పెంపకం చేసేవాళ్లకి మెదడువాపు వచ్చింది. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. అయినా జనం పోతూనే ఉన్నారు. పందులేమో దూరానికి వినపడేంత గట్టిగా దగ్గుతున్నాయి, దాని మీద అంత దృష్టి పెట్టలేదు. 1999 మార్చిలో ఒక రోగి నుంచి వైరస్ పెంచి జన్యుక్రమం చూస్తే ఆస్ట్రేలియాలో గుర్రాల్లో దొరికిన హెండ్రాకి చుట్టం. అదే నిపా. చివరికి మొత్తం 265 కేసులు, 105 చావులు అని లెక్క తేలింది. పది లక్షలకు పైగా పందుల్ని చంపేశారు. తెలిసిన జబ్బు పేరు పెట్టేసుకుని దానికే వైద్యం చేస్తూ కూర్చుంటే ఎంత కాలం పోతుందో చూడండి. నిశాచరుడు గారూ, పీసీఆర్ పాజిటివ్ అంటే పాజిటివ్ అన్న మాటకే ఇది.

నిశాచరుడు
తాతగారూ అప్పుడు సీక్వెన్సింగ్ మిషన్లు ఏవీ ఫారానికి రాలేదుగా. రోగి నుంచి వైరస్ పెంచారు కాబట్టి దొరికింది. మీ కథ మామగారి పక్షానే ఉంది.

మైక్రోస్కోపు_మామ
ఈ మాటకి నిశాచరుడికి నా ఓటు.

వీర్యం_విభాగం
మగపందుల కేంద్రంలో పనిచేస్తాను. కొత్త వైరస్‌ల వేట మాకు అరుదు, సీక్వెన్సింగ్‌తో మాకు వేరే పని ఉంటుంది. పీఆర్ఆర్ఎస్ పాజిటివ్ వస్తే అది టీకా రకమా, బయటి నుంచి వచ్చిందా, పోయిన ఏడాది మన దగ్గరే ఉన్నది మళ్లీ లేచిందా? మామూలు పీసీఆర్ ఈ మూడింటికీ పాజిటివ్ అనే రాస్తుంది. ఓఆర్ఎఫ్5 అనే జీన్ చదివితే తేడా తెలుస్తుంది. ఒకసారి ఒక ఫారంలో గర్భస్రావాలు మొదలై, అందరూ కొత్తగా తెచ్చిన ఆడపందుల మీద పడ్డారు, అమ్మినాయనతో గొడవ కూడా అయింది. సీక్వెన్సు చూస్తే ఆ ఫారంలో అంతకు ముందున్న రకమే. లోపలే తిరుగుతోంది. తెచ్చిన పందులకి దానితో సంబంధం లేదు.

రీడ్స్_రాణి
ఓఆర్ఎఫ్5 పొడవు ఆరు వందల అక్షరాలు. మొత్తం జన్యుక్రమం పదిహేను వేలు. నాలుగు శాతం చదివి వంశవృక్షం గీస్తున్నారు. పీఆర్ఆర్ఎస్ రకాలు ఒకే పందిలో కలిస్తే ముక్కలు మార్చుకుంటాయి. 2019లో డెన్మార్క్‌లో జరిగింది అదే కదా, మీకు తెలిసే ఉంటుంది.

వీర్యం_విభాగం
మా రంగంలో ఆ ఏడాది నిద్రపోయినవాళ్లు లేరు. రెండు వేర్వేరు బతికున్న టీకాల (బలహీనపరచిన వైరస్‌తో చేసినవి) రకాలు కలిసి కొత్త రకం తయారైంది. అది మగపందుల కేంద్రంలోకి దూరి, వీర్యంతో పాటు చాలా మందలకి వెళ్లింది. టీకా కదా, మెల్లగా ఉంటుంది అనుకునేవాళ్లకి గర్భస్రావాలు, చచ్చి పుట్టిన పిల్లలు కనిపించాయి. నాలుగు శాతం చదివితే అలాంటిది ఏదో ఒక టీకాలా కనిపించి తప్పించుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ప్రతి శాంపిల్‌కీ మొత్తం చదవాలంటే సీటీ 30 దాటితే ఎన్నిసార్లు సగం జన్యుక్రమమే వస్తుందో మీకూ తెలుసు. రోజువారీ పనికి ఓఆర్ఎఫ్5, లెక్క కుదరనప్పుడు మొత్తం. మా పద్ధతి ఇది.

రీడ్స్_రాణి
లెక్క కుదరలేదని తెలియడానికే మొత్తం చదవాలి అంటున్నాను. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌లో (ఏఎస్ఎఫ్) చూడండి. చాలా కాలంగా పీ72 జీన్ ఒక్కటి చూసి జీనోటైప్ (వైరస్ జన్యు రకం) చెబుతున్నారు. చైనాలో దొరికాయని 2023లో బయటపెట్టిన కొన్ని రకాలు ఆ జీన్ ప్రకారం జీనోటైప్ 1. మొత్తం చదివితే సగానికి పైగా జీనోటైప్ 2 ముక్కలే. ప్రాణాంతకం కూడా. లేబుల్ చూసి లోపలి సరుకు చెప్పలేం.

వీర్యం_విభాగం
ఏఎస్ఎఫ్ డీఎన్ఏ వైరస్, లక్షా డెబ్బై వేల అక్షరాల పైన ఉంటుంది, మెల్లగా మారుతుంది. పీఆర్ఆర్ఎస్‌ని దానితో కలిపి మాట్లాడకండి.

రీడ్స్_రాణి
మెల్లగా మారుతుంది కాబట్టే ఒక్క జీన్ అసలు సరిపోదు. పక్క పక్క ఫారాల వైరస్‌లు ఆ జీన్‌లో అచ్చు ఒకేలా ఉంటాయి.

వెటర్నరీ_వాసు
ఇద్దరూ కాస్త ఆగండి. చదివేవాళ్ల కోసం ఒక మాట: ఎక్కువ జ్వరం, చెవులూ పొట్టా ఎర్రబడటం, పెద్ద పందులు కూడా ఉన్నట్టుండి చావడం కనిపిస్తే సీక్వెన్సింగ్ ఊసే ఎత్తొద్దు. ఆ రోజే పశువైద్య శాఖకి చెప్పండి, పీసీఆర్ చేస్తారు. ఫారం నుంచి పందిని గానీ మాంసాన్ని గానీ కదపొద్దు. ఏ వంశం అన్నది తర్వాత చూసుకోవచ్చు.

కొత్తగా_చేరా
సీక్వెన్సు డేటాబేస్‌లో పెడితే మన ఫారం పేరు బయటపడుతుందా? కొనేవాళ్లు పారిపోతారు.

గుహలో_గబ్బిలం
జెన్‌బ్యాంక్‌లో (అందరూ చూడగల సీక్వెన్సుల డేటాబేస్) దేశం, తేదీ, జంతువు పేరు ఉంటే చాలు. ఫారం పేరు ఎవరూ రాయరు. అందరూ దాచుకుంటే నష్టం మనకే. 2013లో అమెరికాలో పీఈడీ మొదటిసారి వచ్చినప్పుడు కొద్ది నెలల్లోనే అది చైనా అన్హుయ్‌లో అంతకు ముందు ఏడాది దొరికిన రకానికి బాగా దగ్గర అని చెప్పగలిగారంటే, చైనావాళ్లు అప్పటికే సీక్వెన్సు పెట్టి ఉన్నారు కాబట్టి. 2009 ఫ్లూ దీనికి తిరగబడ్డ కథ. ఆ వైరస్ ఎనిమిది ముక్కలూ పందుల ఫ్లూ నుంచి వచ్చినవే, కానీ దానికీ దాని దగ్గరి చుట్టాలకీ మధ్య ఏళ్ల ఖాళీ ఉంది. ఆ కాలంలో ఆ పందుల్ని చూసినవాళ్లు లేరు.

నిశాచరుడు
చిన్న ప్రాంతంలో ఒకటే పెద్ద ఫారం ఉంటే తేదీ, జిల్లా చాలు పేరు తెలియడానికి. అంత తేలికగా చెప్పకండి.

గుహలో_గబ్బిలం
జిల్లా రాయక్కర్లేదు. దేశం వరకు ఆపమని ల్యాబ్‌కి ముందే చెప్పొచ్చు.

టీకాల_తాత
శాంపిల్ గొడవకి మళ్లీ వస్తాను. 2022 జనవరిలో అమెరికాలో మొదటిసారి జన్యువులు మార్చిన పంది గుండె మనిషికి పెట్టారు కదా. దాత పందికి ముక్కు స్వాబ్‌తో పరీక్షలు చేశారు, పంది సైటోమెగాలోవైరస్ లేదని వచ్చింది. తర్వాత ఆ మనిషి ప్లాస్మాలో డీఎన్ఏ సీక్వెన్సింగ్ చేస్తే అదే దొరికింది. దాచి ఉంచిన పంది ప్లీహం తీసి చూస్తే అందులో ఉంది. ఆయన రెండు నెలలకి పోయారు, ఆ వైరస్ పాత్ర కూడా ఉండొచ్చని డాక్టర్లు రాశారు. అంత శ్రద్ధగా పెంచిన పందికే అలా జరిగితే మన పెంట డబ్బా ఎంత!

కొట్టంలో_కునుకు
అప్‌డేట్. వాసు గారు చెప్పినట్టు జ్వరం కొత్తగా వచ్చిన పిల్లల్ని వేరు చేశాం. వాటిలో మూడింటికి పోస్ట్‌మార్టం చేసి ఊపిరితిత్తులు, టాన్సిళ్లు, లింఫు గ్రంథులు కొంత ఫార్మాలిన్‌లో, కొంత ఐస్ మీద పంపాం. వేరే ల్యాబ్‌కి. మైక్రోస్కోపులో వైరస్ తరహా న్యుమోనియా అన్నారు. ఊపిరితిత్తిలో పీఆర్ఆర్ఎస్ పాజిటివ్, సీటీ 23. పైన గ్లేసరెల్లా బ్యాక్టీరియా కూడా. సర్కో 3కి ప్రోబ్ వేస్తే కణజాలంలో ఏమీ వెలగలేదట. మొదటి ల్యాబ్ వాళ్లు నీళ్ల కంట్రోల్ గురించి ఇంకా జవాబివ్వలేదు.

నిశాచరుడు
చూశారా, చివరికి పీసీఆరే.

మైక్రోస్కోపు_మామ
ఆ పీసీఆరే మొదట లేదంది. శాంపిల్ మారింది.

వీర్యం_విభాగం
టీకా వేస్తున్నారా? వేస్తుంటే బతికున్నదా చచ్చినదా? ఓఆర్ఎఫ్5 పంపండి ముందు.

కొట్టంలో_కునుకు
మేము వేయడం లేదు. ఓఆర్ఎఫ్5 వచ్చింది. ఒక బతికున్న టీకా రకంతో 97 శాతం కలిసిందట. మేము వేయని టీకా మా దగ్గరికి ఎలా వచ్చింది?

వీర్యం_విభాగం
97 అంటే తేలని చోటు. టీకా వైరస్ వేరే మందల్లో చాలా కాలం తిరిగి మారి ఉండొచ్చు. లేదా ఆ వంశానికే చెందిన బయటి రకం కావచ్చు. పిల్లలు, వీర్యం, లారీ, ఏవి ఎక్కడి నుంచి వచ్చాయో తేదీలతో రాసుకోండి.

రీడ్స్_రాణి
మూడోది చెప్పలేదు, కలగలుపు రకం కావచ్చు. సీటీ 23 అంటే మొత్తం జన్యుక్రమం హాయిగా వస్తుంది, ఇంత మంచి శాంపిల్ మళ్లీ దొరకదు. మిగిలిన ఊపిరితిత్తి ముక్క పారేయొద్దని ల్యాబ్‌కి ఈ రోజే చెప్పండి. మైనస్ 80లో పెట్టమనండి, మామూలు ఫ్రీజర్‌లో వద్దు.

కొట్టంలో_కునుకు
ఇప్పుడే ఫోన్ చేశాను, ముక్క ఉందట. @వీర్యం_విభాగం లారీల వివరాలు డ్రైవర్ దగ్గర ఉన్నాయి, రేపు పెడతాను. ఈలోగా తల్లి పందులకి టీకా మొదలుపెట్టాలా, సీక్వెన్సు వచ్చేదాకా ఆగాలా?

వెటర్నరీ_వాసు
ఆగండి. ముందు తల్లుల రక్తం, ఈ వారం పుట్టిన పిల్లల తోకలు కోసేటప్పుడు వచ్చే ద్రవం పరీక్షకి పంపండి. వైరస్ తల్లుల్లో తిరుగుతోందా, పాలు మాన్పించిన కొట్టంలోనే ఉందా అన్నదాన్ని బట్టి టీకా ఎవరికో తేలుతుంది. అప్పటిదాకా ఆ కొట్టంలో పనిచేసేవాళ్లు ఈనే గదుల్లోకి వెళ్లకుండా చూడండి, బూట్లతో సహా.